సొరంగంలో పాలకూర

గని పక్క వసతి గృహం,
చలి మొదలైన రోజులు

అత్తా,

నీ మిడత క్షేమంగా చేరింది. నువ్వు ఫోన్లో అరవడం, నీకు వినపడలేదని నేను అరవడం, మధ్యలో వీధి వీధంతా మన సంగతులు వినడం ఎందుకు, ఉత్తరాలు రాసుకుందామని నువ్వంటే నవ్వాను. ఇక్కడ కొండ అడ్డమొచ్చి ఫోన్ ఎలాగూ మూగనోము పట్టింది. నీ మాటే నెగ్గింది. ఎప్పుడు నెగ్గలేదు గనక!

నా కొలువు గురించి చెబుతాను. ఇది ఒకప్పుడు సున్నపురాయి తవ్విన గని. రాయి అయిపోయింది, గని మూసేశారు, ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. ఇప్పుడొక యజమాని పెద్ద సొరంగాన్ని అద్దెకు తీసుకుని అందులో పాలకూర పండిస్తానంటున్నాడు. పంట చూసుకునే బాధ్యత నాది. మట్టి లేదు, ఎండ లేదు. అంతస్తులుగా అరలు, అరల్లో నీళ్లు పారే తొట్లు, పైన వరసగా దీపాలు. అప్పట్లో రాయి మోసినవాళ్లే ఇప్పుడు నారు నాటుతున్నారు. వాళ్లందరూ పెద్దాయన అని పిలిచే ఒక మేస్త్రీ ఉన్నాడు. నన్ను చూసి, "ఈ పిల్లకు మీసాలొచ్చేలోపు పంట రాదు" అన్నాడట. ఆయన చేతే శభాష్ అనిపించుకుంటాను చూడు.

పొద్దున్నే నేను స్విచ్చి నొక్కితే నేల కింద తెల్లారుతుంది అత్తా. సూర్యుణ్ణి నిద్ర లేపే ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుంది?

కింది వాటా అద్దెకిచ్చావా? ఎవరొచ్చారు?

నీ మిడత

*

ఇంటి నుంచి,
మేడ మీద గది

మిడతా,

సూర్యుణ్ణి లేపావు సరే, అతగాడికి తోడు ఇంకెవరెవర్ని లేపాలో మర్చిపోకు. ముప్పై ఏళ్లు పిల్లలకు కిరణజన్య సంయోగక్రియ చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. వాళ్లలో మొదటి బెంచీలో కూర్చుని నోరు తెరిచి నిద్రపోయినదానివి నువ్వే.

మళ్లీ విను. ఆకులోని పచ్చదనం వెలుగును పట్టుకుంటుంది. వేరు నుంచి నీరొస్తుంది. ఆకు అడుగున కంటికి కనపడని రంధ్రాల్లోంచి గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి వస్తుంది. వెలుగు బలంతో ఈ రెండిటినీ కలిపి ఆకు చక్కెర చేసుకుంటుంది. మిగిలిన ప్రాణవాయువును మనకు వదిలేస్తుంది. ఆ పని ఎంత జోరుగా సాగుతుందన్నది, ఉన్నవాటిలో ఏది బాగా తక్కువైందో దాని చేతిలో ఉంటుంది. దర్జీ దగ్గర తానులకొద్దీ గుడ్డ ఉండి గుండీలు అయిపోయాయనుకో. ఇంకో తాను తెచ్చి పడేస్తే చొక్కా పూర్తవుతుందా?

కింది వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు పెట్టారు. ఈ వీధిలో ఎప్పుడో ఉన్నవారే, మధ్యలో ఊరు మారారు. మనిషి నెమ్మది. గోడల నిండా గడియారాలు, ఒకటీ ఇంకోదానితో ఏకీభవించదు. మన బంధువుల్లాగే.

చెవులకు గుడ్డ కట్టుకో. సొరంగంలో చలి ఉంటుంది.

అత్త

*

గని పక్క వసతి గృహం,
మంచు పట్టిన వారం

అత్తా,

పాఠం వద్దు, మందు కావాలి.

పాలకూర వేలెడంత ఎదిగి ఆగిపోయింది. ఆకులు పల్చబడి, రోగం నుంచి లేచిన పిల్లల్లా ఉన్నాయి. యజమాని వచ్చి చూసి, "వెలుగు చాలట్లేదు" అని ఇంకో వరస దీపాలు పెట్టించాడు. కళ్లు చెదిరే వెలుగు. ఆకుల్లో మాత్రం చలనం లేదు. ఎరువు నీళ్లు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. వేర్లు తెల్లగా, ఆరోగ్యంగా ఉన్నాయి. వెచ్చదనం పోకూడదని ద్వారాలకు దళసరి తెరలు కూడా కట్టాం. ఏ లోటూ చేయలేదు.

యజమాని వెళ్లేటప్పుడు చెప్పాడు: చలికాలం దాటేలోపు మొదటి కోత రాకపోతే తాళం వేసి వెళ్లిపోతానని. నా ఒక్కదాని ఉద్యోగమైతే ఏదోలే అనుకునేదాన్ని. నారు నాటే వాళ్లలో ఒకావిడ ఈ పని వచ్చిందని పట్నంలో ఉన్న మొగుణ్ణి వెనక్కి పిలిపించుకుంది. మూసిన ఇంటి తాళం తీసి గోడలకు సున్నం వేసుకున్నారు. నిన్న ఆమె నా పక్కన నిలబడి, "ఏం ఫర్వాలేదు కదమ్మా?" అంది. "ఏం ఫర్వాలేదు" అన్నాను. అబద్ధమాడేటప్పుడు నా ముక్కు ఎర్రబడుతుందని నువ్వనేదానివి. అప్పటికి దీపాలు ఆర్పేశాం, చీకటి మంచిదే అయింది.

మి.

*

ఇంటి నుంచి,
వంటగది బల్ల

నా తల్లీ,

సంతకం కూడా పూర్తిగా పెట్టలేనంత దిగులా? అన్నం తింటున్నావా లేదా? ముందది చెప్పు.

నీ ఉత్తరం చదివాక చేతులు కట్టుక్కూర్చోలేకపోయాను. చెరువు గట్టుకు వెళ్లి హైడ్రిల్లా తీగ తెచ్చి గాజు జాడీలో నీళ్లు పోసి వేశాం. పక్కన బల్లదీపం. కాసేపటికి తెగిన కొమ్మ చివర నుంచి బుడగలు బయల్దేరాయి. అవి ఆకు వదిలే ప్రాణవాయువు. బుడగలు ఎంత వేగంగా వస్తే పని అంత జోరుగా సాగుతున్నట్టు. దీపం దగ్గరికి జరిపితే బుడగలు పెరిగాయి. ఇంకా జరిపాం, ఇంకా పెరిగాయి. ఆ తర్వాత దీపాన్ని జాడీకి ఆనించినంత పని చేసినా ఒక్క బుడగ ఎక్కువ రాలేదు. నీ యజమాని దీపాల కథ ఇదే.

అప్పుడు నీళ్లలో చిటికెడు వంటసోడా వేశాం. నీళ్లలో బొగ్గుపులుసు వాయువు అందేలా చేస్తుందది. చూడాలి నువ్వు, ముత్యాల దండ తెగినట్టు బుడగలు! మేం చప్పట్లు కొట్టాం. పాలు పొంగిపోయాయి, ఎవరూ చూసుకోలేదు.

కాబట్టి వెలుగు మీద ధ్యాస మానెయ్. ఆ సొరంగంలో ఏ మొక్క అయినా మిగతావాటికంటే బాగుందేమో చూడు. బాగున్నదే నీకు జబ్బేమిటో చెబుతుంది.

అత్త

*

గని పక్క వసతి గృహం,
మబ్బు రోజు

అత్తా,

అన్నం తింటున్నాను. ముందు నేనొకటి అడుగుతాను. "తెచ్చి వేశాం", "జరిపాం", "మేం చప్పట్లు కొట్టాం". ఈ మేం ఎవరు? నువ్వూ ఆ జాడీయేనా? నువ్వు స్టవ్ మీద పాలు మర్చిపోయావంటే నేను నమ్మను. నా చిన్నప్పుడు పిడుగు పడినా నువ్వు పాలు దించాకే బయటికొచ్చి చూశావు.

ఇక నువ్వడిగింది. బాగున్న మొక్కలున్నాయి! సొరంగం మధ్యలో గోడవారన ఒక పొడుగు బెంచీ ఉంది. పని మధ్యలో అందరూ అక్కడే చేరి తింటారు, కాళ్లు చాపుకుంటారు, లోకంలో ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ చెరిగేస్తారు. ఆ బెంచీ పక్క అరల్లో పాలకూర నవనవలాడుతోంది. దూరం వెళ్లేకొద్దీ పాలిపోతోంది. పెద్దాయనకు చూపిస్తే, "మరి! మా వాళ్ల కబుర్లు వింటే రాయైనా చిగురిస్తుంది" అన్నాడు. సున్నం వేసుకున్నావిడ ఆవేళ నుంచి దూరపు అరల దగ్గర నిలబడి పాలకూరకు తన అత్తగారి గురించి చెబుతోంది.

నవ్వుకున్నాం గానీ నాకు అంతు పట్టలేదు. అక్కడా అవే దీపాలు, అవే నీళ్లు.

పక్క సొరంగంలో పుట్టగొడుగులు పెంచే ఒకావిడ ఉంది. మమ్మల్ని చూసి మూతి విరుస్తుంది. మేమొచ్చి ద్వారాలు బిగించాక తన వైపు గాలి ఉక్కగా, బరువుగా అయిందని పోట్లాట. నాకున్నవి చాలవన్నట్టు ఆమె ఒకతి.

మేం ఎవరో రాయి.

మిడత

*

ఇంటి నుంచి,
మేడ మీద గది

మిడతా,

కబుర్లు కాదే పిచ్చిమొహమా, ఊపిరి! అంతమంది ఒక్కచోట కూర్చుని వదిలే ఊపిరిలో ఉన్నదే నీ ఆకులకు కరువైంది. ద్వారాలు బిగించి తెరలు కట్టావు. దీపాలు వెలిగినంతసేపూ ఆకులు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తాగేస్తున్నాయి, కొత్తది వచ్చే దారి లేదు. బయటి గాలిలోనే అది బహు కొంచెం. ఆ కొంచెమూ అయిపోయాక ఎంత వెలుగు పోస్తే ఏం లాభం? అత్తగారి కబుర్లు కూడా పనిచేస్తాయిలే, నోరు తెరిచి చెబుతోంది కదా.

గాలి ఆడనివ్వు. అయితే జాగ్రత్త, చల్లగాలి ఆకుకు తగిలితే అదో ఇబ్బంది. లోపల పని చేసే రసాయనాలకు ఒక మోస్తరు వెచ్చదనం ఉండాలి. చల్లబడితే పని మందగిస్తుంది, మరీ వేడెక్కితే చెడుతుంది. పొడిగాలి విసురుగా కొట్టినా నీళ్లు పోతాయనే భయంతో ఆకు తన రంధ్రాలు మూసేసుకుంటుంది. అందుకని నెమ్మదిగా, ఒక్కొక్కటే మార్చి చూడు.

నువ్వడిగిన రెండో సంగతికి జవాబు: బుడగలు సన్నగా ఉంటాయి, నా కళ్లకు ఆనవు. గడియారాలాయన దగ్గర కంటికి తగిలించుకునే అద్దం ఉంది. అంతే. శాస్త్రీయమైన అవసరం.

అత్త

*

గని పక్క వసతి గృహం

అత్తా,

పాత గాలిగొట్టం తెరిచాం. రెండు రోజులు ఆకులు కళకళలాడాయి. తర్వాత మంచుగాలి దిగి మొత్తం బిగుసుకుపోయింది. మూస్తే గాలి కరువు, తెరిస్తే చలి. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. యజమాని మళ్లీ వస్తున్నాడు.

నాకో ఉపాయం తట్టింది. వెచ్చదనం, నువ్వు చెప్పిన వాయువు రెండూ ఒకేసారి వచ్చేలా. పెద్దాయన కూతురింటికి వెళ్లాడు, ఆయనొచ్చేసరికి చేసి చూపిస్తాను.

శాస్త్రీయమైన అవసరానికి నా నమస్కారాలు చెప్పు.

మిడత

*

ఇంటి నుంచి

మిడతా,

ఏమిటా ఉపాయం? ఏదైనా అంటించాలనుకుంటున్నావా? మూసిన చోట మంట వద్దు. గాలి చాలని మంట వదిలేది ఆకుకు కావలసిన వాయువు ఒక్కటే కాదు, మనిషిని వాసన కూడా తెలియకుండా పడగొట్టే విషం కూడా. వెంటనే జవాబు రాయి.

ఈ ఉత్తరం ఆయన స్వయంగా పరుగెత్తుకెళ్లి వేసి వస్తున్నారు.

అత్త

*

గని ఊరి ఆసుపత్రి,
కిటికీ పక్క మంచం

అత్తా,

అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారు పడకు. చేతికి సెలైన్ సూది ఉంది, అందుకు. బాగున్నాను. ప్రమాణంగా బాగున్నాను.

నీ ఉత్తరం నేను ఇక్కడికొచ్చిన మర్నాడు అందింది. బొగ్గు కుంపటి అంటించాను అత్తా. తెర కొంచెం తీసే ఉంచాను, కొద్దిసేపే కదా అనుకున్నాను. తలనొప్పి వచ్చింది, నిద్ర చాలక అనుకున్నాను. ఆ తర్వాత అరలు మెల్లగా ఊగడం గుర్తుంది. దానికి నవ్వొచ్చింది కూడా. ఇంకేమీ గుర్తులేదు.

నన్ను బయటికి లాక్కొచ్చింది ఆ పుట్టగొడుగులావిడ. నాతో పోట్లాడదామని వచ్చిందట. తెర ఎత్తి రెండు మాటలు తిట్టాక, నేను ఎదురు మాట్లాడకపోయేసరికి అనుమానం వచ్చిందట. "నువ్వు ఊరుకునే రకం కాదు కదా, అందుకే తొంగి చూశా" అంది. తన కొంగు ముక్కుకు చుట్టుకుని లోపలికొచ్చింది. తనకూ రెండు రోజులు తల తిరిగింది. ఆ కాస్త కోపం ఆమెకు రాకపోయి ఉంటే, అత్తా, ఈ ఉత్తరం ఉండేది కాదు.

పెద్దాయన కూతురింటి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చాడు. తిడతాడని కళ్లు మూసుకున్నాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తన మఫ్లరు తీసి నా కాళ్ల మీద కప్పాడు. అది సర్దుతూ, "పంట పోతే మళ్లీ వేసుకుంటాం తల్లీ" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నువ్వు మాత్రం తిట్టు. నాకు నీ తిట్లు వినాలని ఉంది.

నీ మిడత

*

ఇంటి నుంచి,
మెట్ల మీద కూర్చుని

నా బంగారుతల్లీ,

తిట్టడానికే కూర్చున్నాను. నాలుగు కాగితాలు చింపాను. రావడానికి బట్టలు సర్దుకున్నాను కూడా. మంచుకు రైలు దారి మూశారట, స్టేషన్ దాకా వెళ్లి తిరిగొచ్చాను. నువ్వు లేని లోకం ఎలా ఉంటుందో ఆ స్టేషన్ బెంచీ మీద నాకు ఒక్క క్షణం కనపడింది. అది నేనెవరికీ చెప్పను, నీకూ ఇంకోసారి చెప్పను. మళ్లీ అలాంటి పని చేశావంటే అక్కడికొచ్చి చెవి మెలిపెట్టి తీసుకొస్తాను, నీకు ఎన్నేళ్లున్నా సరే.

ఆవిడ కాళ్లకు మొక్కు. తర్వాత ఆవిణ్ణి ఒక ప్రశ్న అడుగు. తన సొరంగం ఎందుకు ఉక్కగా, బరువుగా ఉంటుంది? నేను జవాబు చెప్పనా? పుట్టగొడుగులో పచ్చదనం లేదు. దానికి వెలుగు అక్కర్లేదు. అదీ, దాని కింది ఎరువూ మనలాగే ఊపిరి వదులుతాయి. ఆ ఎరువు మాగుతూ వేడెక్కుతుంది కూడా. వెచ్చదనం, బొగ్గుపులుసు వాయువు, తేమ ఆమె దగ్గర మూలుగుతున్నాయి, ఆమెకు వాటితో బాధ. నువ్వు వాటి కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నావు. మధ్యలో ఉన్నది ఒక్క గోడ.

ఆయన ఈ మాట విని, "ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఉంటే సరిపోయేది" అన్నారు. నేను లేచి జాడీలో నీళ్లు మార్చాను.

అత్త

*

గడియారాల కొట్టు,
మీ ఇంటి కింది వాటా

గౌరవనీయులైన మేనకోడలు గారికి,

నమస్కారాలు. మీ అత్తగారికి తెలిసే రాస్తున్నాను. ఆవిడ మేడ మీద తలుపు వేసుకుని కూర్చున్నారు. నేను ఇది పోస్టు చేసి వచ్చేదాకా కిందికి రారట.

నాకు మాటలు అంతగా రావు. పని చేసేటప్పుడు గడియారంతోనే మాట్లాడతాను. మీరు అత్తగారి దగ్గర ఉండి ఒకటో తరగతి చదివే రోజుల్లో నేను ఈ వీధి చివర ఉండేవాణ్ణి. మీ అత్తగారిని ఒకసారి పెళ్లి చేసుకుంటారా అని అడిగాను. "ఇంట్లో చిన్నపిల్ల ఉంది" అన్నారు. సరేనని ఊరు మారాను. నాకు మరెక్కడా కుదరలేదు. నిజం చెప్పాలంటే, కుదుర్చుకోలేదు.

ఈ చలికాలమంతా ఇద్దరం కూర్చుని బుడగలు చూశాం. మీరు ఆసుపత్రిలో ఉన్నారని తెలిసిన రోజు ఆవిడ స్టేషన్‌కు పరుగెత్తితే సంచీ పట్టుకుని వెనకే వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అడిగాను. అది అడగాల్సిన సమయం కాదు, నాకూ తెలుసు. నోటి నుంచి వచ్చేసింది. ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఇంట్లో పెద్దపిల్ల ఉంది, దాన్నడగండి" అన్నారు.

అందుకని అడుగుతున్నాను.

ఇట్లు,
గడియారాలు బాగుచేసేవాడు

*

గని పక్క వసతి గృహం,
మంచు కరిగిన ఉదయం

మామయ్య గారికి,

అత్త మొగుణ్ణి మామయ్య అనే కదా పిలవాలి. పై పిలుపులోనే జవాబుంది, ఇక ఊపిరి తీసుకోండి. మా ఇంటి పిల్లను మీకిస్తున్నాం. గారాబంగా పెరిగింది, ఓటమి అంటే ఏమిటో తెలియదు, మాట్లాడేటప్పుడు మధ్యలో అడ్డొస్తే పాఠం మళ్లీ మొదటి నుంచి చెబుతుంది. చూసుకుని ఏలుకోండి.

ఇది అత్తకు చదివి వినిపించండి: అడ్డగోడలో పాత దారి ఒకటి ఇటుకలతో మూసి ఉంటే పెద్దాయన తీయించాడు. గుడ్డ తెర వేసి రెండు ఫ్యాన్లు పెట్టాం. ఒకటి ఆమె గాలిని మాకు తెస్తుంది, ఇంకోటి మా గాలిని ఆమెకు పంపుతుంది. దీపాలు ఆర్పాక మా ఆకులూ ఊపిరి వదులుతాయి గనుక అప్పుడు ఆమె బయటివైపు కొత్తగా పెట్టించుకున్న కిటికీ తెరుచుకుంటుంది. విషవాయువుంటే కూతపెట్టే పెట్టెను పెద్దాయన ద్వారం దగ్గర తగిలించాడు. రోజూ నన్ను దాని ముందు నిలబెట్టి, "చూశావా?" అంటాడు. చూశానంటేనే లోపలికి పంపిస్తాడు.

నిన్న మొదటి కోత కోశాం. ఆకు అరచేతిని మించింది. యజమాని ఒక కట్ట ఎత్తి చూసి, అవతల ఖాళీగా ఉన్న ఇంకో సొరంగాన్ని కూడా అద్దెకు అడుగుతున్నాడు. సున్నం వేసుకున్నావిడ ఆకు కోస్తూ కోస్తూ ఏడ్చేసింది. పుట్టగొడుగులావిడ ఆమెను గదిమింది: "ఏడిస్తే ఉప్పెక్కుతుంది, అవతల కూర్చుని ఏడువు."

అత్తా, ఇక ఈ ముక్క నీకే. ఆయన ఉత్తరం చదివాక ఒక పూట పని చేయలేకపోయాను. నా వల్ల నువ్వు ఇన్నేళ్లు వదులుకున్నావని నాకు తెలియనే తెలియదు. అంత త్యాగం ఎందుకు చేశావు? ఆయన అడిగిన రోజు నేను ఎక్కడున్నాను?

మీ మిడత

*

ఇంటి నుంచి,
వంటగది బల్ల

మిడతా,

త్యాగమూ లేదు, గీగమూ లేదు. పెద్ద పెద్ద మాటలు రాశావంటే ఎర్రసిరాతో కొట్టేసి వెనక్కి పంపుతాను.

ఆయన గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు నీకు జ్వరం. నా ఒళ్లో తల పెట్టుకుని, నా చీర చెంగు పిడికిట్లో పట్టుకుని నిద్రపోతున్నావు. లేచి వెళ్లి సరిగ్గా జవాబు చెప్పాలంటే నిన్ను లేపాలి. నాకు లేపబుద్ధి కాలేదు. జరిగింది అంతే. ఆ తర్వాత సంవత్సరాలు వాటంతట అవే గడిచాయి. అంత హాయిగా గడుస్తుంటే నేనెందుకు లెక్కపెట్టుకుంటాను?

ఇప్పుడు లేచాను. కాళ్లు కాస్త తిమ్మిరెక్కాయి.

రైలు దారి తెరిచారట. ఒక పాలకూర కట్టా, ఆ పుట్టగొడుగులావిణ్ణీ తీసుకుని రా.

అత్త